పార్ట్‌టైం ఉద్యోగం పేరుతో పోయిన డబ్బు ఏ దారిన వెళ్తోంది

ఒడిశాలో ఆంధ్రా హద్దునున్న పర్లాకిమిడిలో మాదొక చిన్న ఆన్‌లైన్ షాపు. జిరాక్సులు, ఆధార్ ప్రింట్లు, స్కాలర్‌షిప్ ఫారాలు, రైలు టికెట్లు చేసిపెడుతుంటాం. పోయిన చలికాలంలో ఒకరోజు మధ్యాహ్నం, షట్టర్ దించి భోజనానికి బయల్దేరుతుంటే మా వీధి అమ్మాయి గబగబా వచ్చింది. డిగ్రీ అయ్యి రెండేళ్లయింది. వాళ్ల నాన్న సూరత్‌లో మగ్గాల మిల్లులో పని చేస్తాడు. ఇంట్లో తల్లీ కూతుళ్లే ఉంటారు.

"అన్నయ్యా, పాన్ కార్డు ఫోటో ఎన్నిసార్లు పెట్టినా ఈ యాప్ తీసుకోటం లేదు. కొంచెం స్కాన్ చేసి ఇస్తావేటి?"

ఫోను అందుకుని చూస్తే అది క్రిప్టో, అంటే ఇంటర్నెట్‌లో నడిచే డిజిటల్ డబ్బు, కొనుక్కునే యాప్. ఇదెందుకమ్మా అని అడిగాను. "టాక్స్ కట్టాలి. సాయంత్రం ఆరింటిలోపు కట్టకపోతే నా డబ్బులు లాకైపోతాయంట" అంది. రాత్రంతా నిద్రపోలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మొదటి మెసేజ్ నుంచీ చదవడం మొదలుపెట్టాను.

ఆ తర్వాత ఇలాంటి చాట్లు పోలీసు కంప్లయింటు కోసం ఇంకా చాలామందికి ప్రింటు తీసిచ్చాను. గుణుపురం నుంచి వచ్చినవాళ్లున్నారు, కాశీనగర్ వాళ్లున్నారు. విషయం బయటపడగానే ఊళ్లో అందరూ "ఆశకి పోయి పోగొట్టుకున్నారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ చాట్లు పేజీ పేజీ చదివినవాడిగా చెప్తున్నాను, ఆ మాట తప్పు. ఇది ఎలా అల్లిన వలో తెలిస్తే అలా అనలేం.

పదకొండు రోజుల లెక్క

మొదటి రోజు వాట్సాప్‌లో +84తో మొదలయ్యే నంబరు నుంచి మెసేజ్. +84 అంటే వియత్నాం కోడ్. హోటళ్లకి గూగుల్ మ్యాప్స్‌లో ఐదు స్టార్లు ఇచ్చి స్క్రీన్‌షాట్ పంపితే ఒక్కోదానికి ₹50 ఇస్తామన్నారు. మూడు చేసింది. పది నిమిషాల్లో యూపీఐలో ₹150 పడింది.

ఆ ₹150 దగ్గర కాసేపు ఆగాలి. "డబ్బులిచ్చేవాడు దొంగెలా అవుతాడు?" అని నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. ఆ నూటయాభై వాళ్ల జేబులోంచి వచ్చింది కాదు. ఇంకో ఊళ్లో, ఇలాంటి ఇంకో గ్రూపులో చిక్కుకున్న ఇంకొకరు కట్టిన సొమ్ములోంచి ముక్క తీసి ఈమెకి పంపారు. అందుకే ఈమె ఖాతాలో పడ్డ ఆ చిన్న మొత్తం కూడా ఎక్కడో నమోదైన కేసులో తేలవచ్చు, దాని మూలంగా ఈమె ఖాతాకే బ్యాంకు హోల్డ్ పెట్టవచ్చు. నమ్మకం కలగడానికి వాళ్లు పెట్టిన ఖర్చంతా ఇంకో బాధితుడిదే.

రెండో రోజు టెలిగ్రాంకి మారమన్నారు. అక్కడ "రిసెప్షనిస్టు" ఈమెని ఒక "మెంటర్ మేడం"కి అప్పజెప్పింది. ఐదుగురున్న గ్రూపులో చేర్చారు. మిగతా నలుగురూ పొద్దున్నే గుడ్ మార్నింగులు పెడతారు, పూజ ఫోటోలు పెడతారు, "నా 45,000 వచ్చేసింది మేడం, థాంక్యూ" అని బ్యాంకు స్క్రీన్‌షాట్లు పెడతారు. ఆ నలుగురూ మోసగాళ్లే. ఒక్కోసారి నాలుగు పేర్ల వెనకా ఉండేది ఒక్కడే.

తర్వాత "ప్రీపెయిడ్ టాస్క్" అని మొదలవుతుంది. ₹1,000 కట్టింది, ₹1,300 వచ్చింది. ₹3,000 కట్టింది, ₹3,900 వచ్చింది. ఇప్పటికి ₹150తో కలిపి ఆమె చేతికి ₹1,350 లాభం. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్ల మొదటిసారి తల్లి చేతిలో వెయ్యి రూపాయలు పెట్టింది. ఆ రోజు తల్లి ఎంత మురిసిందో చెప్తున్నప్పుడే ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. లక్ష పోయిందని చెప్పినప్పుడు మాత్రం ఏడవలేదు.

ఏడో రోజు "కాంబో" వచ్చింది. అంటే ఒకే టాస్కులో మూడు మెట్లు. మెట్లు ఎన్నో, ఎంతో ముందు చెప్పరు. ₹10,000 కట్టాక ₹28,000 అన్నారు. అది కట్టాక ₹60,000 అన్నారు. మూడూ పూర్తయితేనే మొత్తం చేతికొస్తుందట. రెండో మెట్టు దగ్గర ఆమె ఆగిపోయింది. "మేడం, నా దగ్గర లేవు, నా 38,000 ఇచ్చేయండి చాలు" అని రాసింది. ఆశే ఉంటే అలా రాయదు. దానికి మెంటర్ జవాబు: మీరు ఆపితే టీంలో మిగతా నలుగురి డబ్బూ ఆగిపోతుంది. ఆ వెంటనే గ్రూపులోని ఒక "సభ్యురాలు" విడిగా మెసేజ్ పెట్టింది. "అక్కా, మా అమ్మ ఆపరేషన్ డబ్బులు ఇందులోనే ఉన్నాయి. దయచేసి ఆపొద్దు అక్కా."

ఆ ఒక్క మెసేజ్‌కి తల్లి గొలుసు బ్యాంకులో కుదువపెట్టి గోల్డ్ లోన్ తెచ్చింది. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి తల్లికోసం. నేను ప్రింటు తీసిన చాట్లలో ఇలాంటి మెసేజ్ ఏదో ఒక రూపంలో మళ్లీ మళ్లీ కనిపించింది. మనిషిలోని మంచితనాన్ని పట్టుకుని లాగడం ఈ మోసానికి అసలు ఆయువుపట్టు.

మొత్తం ₹98,000 కట్టాక వాళ్ల వెబ్‌సైటులో ఆమె పేరు మీద ₹1,27,400 కనిపించింది. విత్‌డ్రా నొక్కితే "30 శాతం క్రిప్టో టాక్స్ ముందు చెల్లించాలి, ₹38,220కి సరిపడా యూఎస్‌డీటీ పంపండి" అని వచ్చింది. యాప్ ఎక్కించుకుని, పాన్ పెట్టి, యూఎస్‌డీటీ అనే క్రిప్టో కొని ఫలానా అడ్రసుకి (క్రిప్టోలో అది ఖాతా నంబరు లాంటిది) పంపమన్నారు. ఆ పాన్ దగ్గరే ఆమె నా షాపుకొచ్చింది.

ఆ 30 శాతం సంగతి

ఈ అబద్ధానికి అంత బలం రావడానికి కారణం, అందులో ఒక నిజం ఉండటం. మన దేశంలో క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను నిజంగానే ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అదే ఏడాది జులై 1 నుంచి క్రిప్టో బదిలీల మీద 1 శాతం టీడీఎస్ కూడా పెట్టారు. అనుమానం వచ్చి ఎవరైనా నెట్‌లో వెతికితే "అవును, 30 శాతం" అనే కనిపిస్తుంది. దాంతో ఉన్న అనుమానం కూడా పోతుంది.

అయితే ఆ పన్ను కట్టే తీరు వేరు. లాభం చేతికొచ్చాక, ఆదాయపు పన్ను రిటర్నుతో పాటు ప్రభుత్వానికి మనమే కడతాం. టీడీఎస్ అయితే వచ్చే మొత్తంలోంచే కోసుకుంటారు. మన డబ్బు మనకి విడుదల చేయడానికి విడిగా ఇంకో మొత్తం ముందు తెమ్మని ఏ పన్ను చట్టమూ అడగదు. పైగా భారత ప్రభుత్వం ఏ పన్నునీ క్రిప్టోలో తీసుకోదు. పన్ను అయిపోయాక "క్రెడిట్ స్కోర్ 100 నుంచి 80కి పడిపోయింది, సరిచేయడానికి ఇంత", ఆ తర్వాత "అన్‌ఫ్రీజ్ చార్జీ" అని అడుగుతూనే ఉంటారు. తెరమీద కనిపించే ఆ ₹1,27,400 ఎవడో టైపు చేసిన అంకె. ఎంత కట్టినా అది బయటికి రాదు, ఎందుకంటే అది ఎక్కడా లేదు.

క్రిప్టో ఎందుకు అడుగుతారు

యూఎస్‌డీటీ అంటే టెథర్ అనే కంపెనీ నడిపే డిజిటల్ నాణెం. బిట్‌కాయిన్‌లా దాని ధర ఎక్కీదిగీ ఉండదు, ఒకటి దాదాపు ఒక డాలరుతో సమానంగా నిలబడి ఉంటుంది. మోసగాడికి కావాల్సింది సరిగ్గా అదే. ఈరోజు కొట్టేసిన సొమ్ము రేపటికి కరిగిపోకూడదు, దేశం దాటాలి, ఏ బ్యాంకు మేనేజరూ ఆపకూడదు. ఎక్కువగా ట్రాన్ అనే నెట్‌వర్కు మీద పంపమంటారు, ఎందుకంటే అక్కడ పంపే ఖర్చు తక్కువ. ఆ నెట్‌వర్కు అడ్రసులు ఇంగ్లిషు 'టీ' అక్షరంతో మొదలై 34 అక్షరాలుంటాయి. ఉద్యోగం ఇస్తానన్నవాడు అలాంటి అడ్రసు పంపాడంటే, ఆ సంభాషణలో ఇంక వినాల్సిందేమీ లేదు.

బ్యాంకు నుంచి బ్యాంకుకి పోయిన డబ్బుకి ఎక్కడో ఒక పేరు, ఒక శాఖ, ఆపగలిగే ఒక మనిషి ఉంటారు. క్రిప్టో ఒక వాలెట్ నుంచి, అంటే దాన్ని దాచుకునే డిజిటల్ పర్సు నుంచి, ఇంకో వాలెట్‌కి పోయాక వెనక్కి తెప్పించే బటన్ ఎవరి దగ్గరా లేదు. అది ఏ అడ్రసు నుంచి ఏ అడ్రసుకి పోయిందో మాత్రం అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. ఇదొక విచిత్రమైన పరిస్థితి: డబ్బు ఎటు పోయిందో ఇంట్లో కూర్చుని చూడొచ్చు, దాని యజమాని ఎవరో తెలియదు.

డబ్బు క్రిప్టోగా మారే దారులు రెండు. బాధితులకి ఈ తేడా తెలియడం చాలా అవసరం.

మొదటి దారిలో మనం క్రిప్టో మొహం కూడా చూడం. యూపీఐలో ఎవరిదో ఖాతాకి పంపుతాం. దాన్ని మ్యూల్ ఖాతా అంటున్నారు, మన మాటల్లో అద్దె ఖాతా. అక్కడినుంచి నిమిషాల్లో నాలుగైదు ఖాతాలకి ముక్కలవుతుంది. ఆ చివర ఒకడు పీటూపీ పద్ధతిలో, అంటే క్రిప్టో అమ్మే ఇంకో మామూలు మనిషికి బ్యాంకు ద్వారా రూపాయలు పంపి, యూఎస్‌డీటీ తీసుకుంటాడు. రూపాయలు ఇక్కడే మిగిలాయి, విలువ మాత్రం దేశం దాటింది.

రెండో దారిలో ఆ పని మన చేతే చేయిస్తారు. మా వీధి అమ్మాయి విషయంలో జరగబోయింది ఇదే. పాన్ ఆమెది, ఖాతా ఆమెది, కొనేది ఆమె, పంపేది ఆమె. 2023 మార్చి నుంచి మన దేశంలో క్రిప్టో ఎక్స్ఛేంజీలు, అంటే క్రిప్టో కొనే అమ్మే యాప్‌లు నడిపే కంపెనీలు, మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి, కేవైసీ తప్పనిసరి. అంటే రికార్డు పక్కాగా ఉంటుంది, ఆ రికార్డులో మాత్రం ఆమె తనంతట తానే క్రిప్టో కొని తన ఇష్టప్రకారం పంపినట్టుంటుంది. బ్యాంకుని అడిగితే "మీరు కొన్న వస్తువు మీకు అందింది కదమ్మా" అంటారు. మొదటి దారిలో పోయిన డబ్బు కొంతైనా దొరికే వీలుంది. రెండో దారిలో అది చాలా చాలా తక్కువ.

అలాగని రెండో దారిలో పోయినవాళ్లు ఊరుకోకూడదు. ప్రతి పంపకానికీ ట్రాన్సాక్షన్ హాష్ అని ఒక పొడవాటి గుర్తు ఉంటుంది. అదీ, అవతలి అడ్రసూ కాపీ చేసి పెట్టుకోవాలి. కంప్లయింటులో రాయాలి, క్రిప్టో కొన్న ఎక్స్ఛేంజీకీ రాయాలి. పోలీసుల కోరిక మీద టెథర్ కంపెనీ కొన్ని అడ్రసుల్లోని యూఎస్‌డీటీని స్తంభింపజేసిన సందర్భాలున్నాయి. ఆ గుర్తులు లేకపోతే ఆ అవకాశం కూడా ఉండదు.

హద్దు మీద బతికేవాళ్లం

ఇక్కడ మా ప్రాంతం గురించి నాలుగు మాటలు చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది. గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో మాలాంటి తెలుగు ఇళ్లు ఎన్నో. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి వెళ్తే ఒడియా ఒక భాషగా చదివి ప్యాసైన కాగితం అడుగుతారు. ఆంధ్రాకి వెళ్తే అక్కడి స్కూళ్లలో చదివిన లోకల్ సర్టిఫికెట్ అడుగుతారు. తెలుగు మీడియంలో కొంత, ఒడియాలో కొంత చదివి, మధ్యలో మిగిలిపోయిన పిల్లలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. అలాంటి పిల్లకి "ఇంట్లో కూర్చుని చేసుకోండి, ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు" అని తెలుగులో మెసేజ్ వస్తే, దాన్ని నమ్మడం వెర్రితనం అని నేను అనలేను. హద్దు అడ్డురాని మొదటి ఉద్యోగం అది.

మెసేజ్‌లోని భాష చూసి కనిపెట్టొచ్చు కదా అని ఒకప్పుడు నేనూ అనుకునేవాణ్ని. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. మనుషులు మాట్లాడే తెలుగే రాయాలని ఆయన పోరాడిన ఊరు. "ప్రియమైన వినియోగదారు, మీ పని విజయవంతంగా సమర్పించబడింది" అనే యంత్రం తెలుగు చూస్తే మాకు వెంటనే తేడా కొట్టాలి. మొదట్లో కొట్టేది కూడా. ఇప్పుడు "ఏం కంగారు పడకండి అండి, నేనున్నాను కదా" అని చక్కటి గోదావరి యాసలో వాయిస్ మెసేజ్‌లే వస్తున్నాయి. ఎందుకంటే అవతల కూర్చున్నవాళ్లలో మన తెలుగు పిల్లలే ఉన్నారు.

దాని వెనక ఇంకో దుఃఖం ఉంది. 2023 డిసెంబరు ఆఖర్లో రౌర్కెలా పోలీసులు ఒక ముఠాని పట్టుకుంటే, అది డేటా ఎంట్రీ ఉద్యోగాల పేరుతో మనవాళ్లని కంబోడియాకి తరలిస్తున్న ముఠా అని తేలింది. 2024 మే నెలలో విశాఖ పోలీసులు ఇలాంటిదే ఇంకో ముఠాని బయటపెట్టారు. అదే నెలలో కంబోడియాలోని సిహనౌక్‌విల్‌లో చిక్కుకున్న వందల మంది భారతీయులు తమని బంధించినవాళ్ల మీద తిరగబడ్డారు. పాస్‌పోర్టులు లాక్కుని, టార్గెట్లు పెట్టి, సొంత దేశంవాళ్లనే మోసం చేయమని కూర్చోబెట్టారని తిరిగొచ్చినవాళ్లు చెప్పారు. అంటే ఆ ఫోనుకి ఇటు చివరా అటు చివరా ఉద్యోగం కోసం వెతుక్కున్న పిల్లలే. అమ్మ ఆపరేషన్ కథ రాసిన మనిషి చేత దాన్ని ఎవరు రాయించారో మనకి తెలియదు.

ఇది ఒక్క మన దేశపు జబ్బు కాదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ లెక్క ప్రకారం ఇలాంటి టాస్క్ మోసాల మీద 2020లో ఒక్క ఫిర్యాదూ లేదు, 2023లో సుమారు 5,000 వచ్చాయి, 2024 తొలి ఆరు నెలల్లోనే సుమారు 20,000. మన కేంద్ర హోం శాఖ 2023 డిసెంబరులో ఇలాంటి పార్ట్‌టైం ఉద్యోగాల, పెట్టుబడుల మోసాలు చేసే 100కి పైగా వెబ్‌సైట్లను మూయించింది. వాటిని విదేశాల నుంచి నడుపుతున్నారనీ, రిటైరైనవాళ్లు, ఆడవాళ్లు, ఉద్యోగంలేని యువత వాటి గురి అనీ, సొమ్ము బయటికి పోయే దారుల్లో క్రిప్టో ఒకటనీ అప్పుడే చెప్పింది. అన్ని రకాల సైబర్ మోసాలూ కలిపి దేశం పోగొట్టుకున్నది 2023లో ₹7,465 కోట్లయితే, 2024లో ₹22,845 కోట్లు.

మొదటి గంటలు

షాపులో ఆ మధ్యాహ్నానికి మళ్లీ వస్తాను. ఆ అమ్మాయి చివరి ₹60,000 పంపింది పొద్దున 10:40కి. నాకు సంగతి పూర్తిగా అర్థమయ్యేసరికి 1:50. వాళ్లమ్మకి చెప్పాలా, స్టేషనుకి వెళ్లాలా, బ్యాంకుకి వెళ్లాలా అని ఆమె వణుకుతోంది. ఆమె ఖాతా పాతపట్నం బ్రాంచిలో ఉంది, అంటే ఆంధ్రా. సిమ్ కూడా ఆంధ్రాదే. ఇల్లు ఒడిశాలో. మా ఊళ్లో సగంమంది పరిస్థితి ఇదే. ఇదివరకు ఇంకొకరి విషయంలో ఇటు స్టేషనులో "మీ బ్యాంకు అటుంది, అక్కడికి వెళ్లండి" అన్నారు, అటు వెళ్తే "మీ ఇల్లు ఇటుంది" అన్నారు. ఆటోలో తిరగడానికే రెండు రోజులు పోయాయి. ఆ రెండు రోజుల్లో డబ్బు ఎన్ని ఖాతాలు దాటిందో.

అందుకే ఎక్కడికీ కదలకుండా, అక్కడే కుర్చీలో కూర్చుని 1930కి ఫోన్ చేశాం. ఇది సైబర్ ఆర్థిక నేరాలకి దేశమంతటా ఉన్న నంబరు. మనం చెప్పిన యూటీఆర్ నంబరుతో, అంటే యూపీఐ చెల్లింపు వివరాల్లో కనిపించే 12 అంకెల గుర్తుతో, డబ్బు పడ్డ బ్యాంకుకి అప్పటికప్పుడే సమాచారం వెళ్తుంది. అక్కడ మిగిలి ఉంటే హోల్డ్ పెడతారు. దాటిపోయి ఉంటే, దాటిన బ్యాంకుకి సమాచారం వెళ్తుంది. డబ్బు ముందు పరిగెడుతుంటే ఫిర్యాదు వెనక పరిగెడుతుంది. క్రిప్టోగా మారేలోపు అందుకోవాలి. పేపర్లలో గోల్డెన్ అవర్ అంటున్నది ఈ సమయాన్నే. ఈ ఏర్పాటు మొదలైనప్పటినుంచి 2025 మధ్య వరకూ ₹5,489 కోట్లకి పైగా మోసగాళ్లకి అందకుండా ఆపగలిగామని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. పోయిన మొత్తం పక్కన పెట్టి చూస్తే అది చిన్నదే. కానీ ఆగిన ప్రతి రూపాయి వెనకా ఎవరో ఒకరు సిగ్గు పక్కనపెట్టి వెంటనే ఫోను తీసి ఉంటారు.

ఫోన్ తర్వాత అదే రోజు నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో, పూర్తి వివరాలు పెట్టాం. రెండు మూడు రోజుల కిందటి ₹10,000, ₹28,000 అప్పటికే చేతులు మారిపోయాయి. చివరి అరవై వేలలో ₹21,500 రెండో బ్యాంకులో ఆగింది.

ఏ స్టేషను అన్న గొడవకి చట్టంలో జవాబుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగిందన్నదానితో పని లేకుండా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు, తర్వాత సరైన స్టేషనుకి వాళ్లే పంపుతారు. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. కాగితం మీద ఈ సెక్షన్ నంబరు రాసుకుని వెళ్లండి. మేము వెళ్లినప్పుడు ఆ కాగితం పనికొచ్చింది.

సరిహద్దులో ఇంకో చిక్కు, భాష. చాట్ అంతా తెలుగులో ఉంది, కేసు చూసే ఆఫీసరుకి తెలుగు చదవడం రాదు. 43 పేజీల ప్రింటు బల్లమీద పెడితే ఆయన మాత్రం ఏం చేస్తాడు? డబ్బు అడిగిన మెసేజ్‌లు, ఖాతా నంబర్లు, బెదిరించిన మాటలు ఉన్న తొమ్మిది పేజీలు ఏరి, ఒక్కోదాని పక్కన ఒడియాలో రాసి ఇచ్చాం. తేదీ, సమయం, మొత్తం, యూటీఆర్ ఒక పట్టీగా రాశాం. చాట్ మాత్రం ఫోనులోంచి చెరపకూడదు. సిగ్గుతోనో భయంతోనో గ్రూపు డిలీట్ చేసి వచ్చినవాళ్లని చూశాను, ఆ తర్వాత వాళ్ల దగ్గర చూపించడానికేమీ మిగల్లేదు.

బ్యాంకు మీద పెట్టుకునే ఆశ గురించి కూడా ఉన్నమాట చెప్పాలి. మనకి తెలియకుండా ఖాతాలోంచి డబ్బు పోతే, మూడు పనిదినాల్లో చెప్తే మన బాధ్యత లేదని 2017లో రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ఇచ్చింది. కానీ ఇక్కడ పిన్ కొట్టింది మనమే, అందుకని ఆ రక్షణ వర్తించదు. మిగిలే దారి, ఆగిన సొమ్మును వెనక్కి తెచ్చుకోవడం.

అద్దె ఖాతాలు

ఈ వలలో బాధితులు కాకుండా నేరస్థులైపోతున్న పిల్లల గురించి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. "అకౌంటు ఇస్తే నెలకి ఐదు వేలు, పాస్‌బుక్కూ ఏటీఎం కార్డూ సిమ్మూ ఇచ్చెయ్, అంతే" అని వచ్చేవాళ్లు మా చుట్టుపక్కలా తిరుగుతున్నారు. గేమింగ్ కంపెనీ కోసమనో, జీఎస్టీ సర్దుబాటు కోసమనో చెప్తారు. ఖాతా ఇచ్చినవాడికి క్రిప్టో అంటే ఏంటో కూడా తెలియదు. అయినా పోలీసులకి మొదట దొరికే పేరు వాడిదే. ఎక్కడో గుజరాత్‌లోనో కర్ణాటకలోనో ఎవరో ఏడుస్తూ ఇచ్చిన ఫిర్యాదు మీద, పర్లాకిమిడి కుర్రాడి ఇంటికి నోటీసు వస్తుంది. ఇలాంటి ఖాతాల్ని పసిగట్టడానికి రిజర్వు బ్యాంకు 2024 డిసెంబరులో మ్యూల్‌హంటర్ అనే ఏఐ ఏర్పాటు కూడా ప్రకటించింది.

నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయని పీటూపీలో యూఎస్‌డీటీ అమ్మే కుర్రాళ్లదీ ఇంచుమించు ఇదే గతి. కొన్నవాడు పంపిన రూపాయలు ఎవరో బాధితుడివైతే, అమ్మినవాడి ఖాతా బిగుసుకుపోతుంది. జీతం పడే ఖాతా అయితే ఆ నెల ఇల్లు గడవదు. తప్పు చేయలేదని నిరూపించుకోవడానికి వేరే రాష్ట్రం పోలీసులకి ఉత్తరాలు రాస్తూ కూర్చోవాలి.

కేసు పెట్టిన నెలన్నరకి ఆ అమ్మాయికి ఇంకో ఫోన్ వచ్చింది. "మేము సైబర్ రికవరీ సెల్ నుంచి. మీ 98,000 దొరికింది. ప్రాసెసింగ్ ఫీజు 60 యూఎస్‌డీటీ పంపండి." ఆమె పేరు, పోయిన మొత్తం, తేదీలు అన్నీ సరిగ్గా చెప్పారు. చెప్పరా మరి, దోచినవాళ్ల దగ్గర ఆ లెక్క ఉంటుంది కదా. ఒకసారి మోసపోయినవాళ్ల జాబితాని మళ్లీ వాడుకుంటారు, లేదా అమ్ముకుంటారు. ఈసారి ఆమె ఫోను స్పీకర్లో పెట్టి నా షాపు దాకా నడుచుకుంటూ వచ్చింది. నేను మాట్లాడబోతే చెయ్యి అడ్డం పెట్టి, తనే అడిగింది: "మీ స్టేషను ఏ ఊళ్లో అండి? మా ఒడియా ఎస్సై గారికి ఇస్తాను, మాట్లాడతారా?" ఫోను పెట్టేశారు. ఆ నంబరు కూడా అదే కేసులో చేర్చమని మర్నాడు కాగితం రాసి ఇచ్చాం.

ఆగిన ₹21,500 విడుదలకి కోర్టు ఉత్తర్వు రావడానికి ఏడు నెలలు పట్టింది. డబ్బు పాతపట్నం ఖాతాలో పడ్డ రోజు తల్లీ కూతుళ్లిద్దరూ వెళ్లి గోల్డ్ లోన్‌కి కొంత జమ కట్టి వచ్చారు. ఇంకా మిగిలింది చాలానే ఉంది. ఆ రసీదు నా దగ్గరే జిరాక్సు తీయించుకుని, కేసు కాగితాలున్న ఫైల్లోనే అడుగున పెట్టుకుంది.